వెనక లంగరు మనిషి

ఓడ చూపిస్తానని చెప్పి మా మనవడు విశాఖపట్నంలో నన్ను రెండు గంటలు ఎండలో నిలబెట్టాడు. ఏడాదికోసారి జనాన్ని యుద్ధనౌకల్లోకి రానిస్తారట. మేము ఎక్కింది ఫిరంగులు పేల్చే రకం కాదు. సైనికుల్నీ లారీల్నీ ట్యాంకుల్నీ కడుపులో పెట్టుకుని పోయి, రేవుతో పని లేకుండా శత్రువు ఒడ్డు మీదికే ఎక్కి, మూతి దగ్గరున్న తలుపు తెరిచి అందర్నీ దింపేసే రకం. వచ్చిన జనమంతా ఆ తలుపు దగ్గరే ఉన్నారు. ఒకాయన భార్యాపిల్లల్ని తలుపు అంచున వరసగా నిలబెట్టి ఫోటో తీస్తున్నాడు. దేశాన్ని కాపాడటానికి బయల్దేరినవాళ్ళలా ముఖాలు పెట్టమని పిల్లల్ని గదమాయిస్తున్నాడు కూడా. నేను అక్కడున్న కుర్ర నావికుణ్ణి పిలిచి, “బాబూ, వెనక లంగరు ఎక్కడుంది?” అని అడిగాను. అతను నన్నూ, నా ఊతకర్రనూ మార్చి మార్చి చూశాడు. “దాని సంగతి మీకెలా తెలుసు మామ్మగారూ? పొద్దుట్నుంచి వేలమంది వచ్చారు, ఒక్కరూ అడగలేదు” అన్నాడు. మా పెద్దనాన్న యుద్ధమంతా దాని పక్కనే నిలబడి చేశాడని చెప్పాను. మా మనవడు నావైపు అనుమానంగా చూశాడు. మా వంశంలో యుద్ధం చేసినవాడు ఒకడున్నాడని వాడికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే.

మేము దూదేకులవాళ్ళం. మా ఊరు ఇప్పుడు ప్రకాశం జిల్లాలో ఉంది. నా చిన్నతనానికి ఆ జిల్లా ఇంకా పుట్టలేదు కాబట్టి, గుంటూరు జిల్లాలో పుట్టి, గడప దాటకుండానే జిల్లా మారిన ఘనత మా ఊరివాళ్ళది. నల్లరేగడి నేల, పత్తి, మిరప. ఎండాకాలం వస్తే ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉండేవి. గాలి ఎటు వీస్తే అటు ఇళ్ళల్లో తుమ్ములు మొదలయ్యేవి. మా ఇంట్లో ఆ ఘాటుకు తోడు దూది. తెల్లారేసరికి వసారాలో దూది ఏకే విల్లు మోగడం మొదలయ్యేది. నాన్న కొయ్య సుత్తితో దాని నరాన్ని కొడుతుంటే గింజ తీసిన పత్తి పొగలా లేచి, మా జుట్టు మీదా కనురెప్పల మీదా చివరికి పప్పులోనూ వాలేది. అమ్మ ప్రతి గిన్నె మీదా తడిగుడ్డ కప్పేది. అయినా ఒక్క పూటైనా దూది లేకుండా అన్నం తిన్న గుర్తు నాకు లేదు. ఇప్పుడు డాక్టర్లు పీచు పదార్థాలు తినమంటుంటే నాకు నవ్వొస్తుంది.

కాశిం పెద్దనాన్న మా నాన్నకు అన్న. వయసులో ఉండగా దూది పని చేయనని అలిగి మద్రాసు పారిపోయాడు. అక్కడ యుద్ధానికి మనుషుల్ని తీసుకుంటున్నారు. రోజూ మూడు పూటలా తిండి పెడతారని ఎవరో చెప్పారట, ఆయన సముద్రాన్ని చూడకుండానే నావికుడయ్యాడు. నాలుగైదేళ్ళ తర్వాత యుద్ధం ముగిసి, ఒక ఇనప పెట్టె, ఒక ఎనామిల్ కప్పు, లోకంలో ఎవరికీ పనికిరాని చదువు వెంటబెట్టుకుని, ఏ పని చేయనని పారిపోయాడో ఆ పనిలోకే తిరిగొచ్చాడు. భార్య అంతకుముందే పోయింది. పిల్లలు లేరు. పొలం మా వాళ్ళకెవరికీ లేదు. నాకు బుద్ధి తెలిసేసరికి ఆయన వసారాలో ఓ మూల కూర్చుని దబ్బనంతో పరుపులు కుడుతూ ఉండేవాడు.

బర్మా యుద్ధం చూసొచ్చిన మనిషి గదా అని మొదట్లో ఊరు ఊరంతా మా అరుగు మీదికి చేరిందట. ఏం చూశావురా కాశిం అని అడిగితే, “తాడు” అన్నాడట ఆయన. జనానికి అది సరిపోలేదు. తుపాకులు, శవాలు, కనీసం ఒక్క ఏనుగైనా కావాలి వాళ్ళకు. ఆయన నిజం చెప్పే జబ్బున్న మనిషి. వాళ్ళ ఓడ పని ఒడ్డుకు పోయి ఇసుకలోకి ఎక్కడం. అలా ఎక్కాక తిరిగి రావాలి గదా. అందుకని ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే వెనక వైపు నుంచి ఒక లంగరు సముద్రంలో వేసేస్తారు. ఓడ ముందుకు పోయేకొద్దీ దాని ఇనపతాడు వదులుతూ ఉంటారు. సైనికులు దిగిపోయాక, ఆ తాడును మరతో చుట్టుకుంటూ ఓడ తనను తానే వెనక్కి లాక్కుంటుంది. ఆ మర దగ్గర నిలబడే మనుషుల్లో మా పెద్దనాన్న ఒకడు. ముందు తలుపు తెరుచుకుని, చరిత్ర జరుగుతున్నప్పుడల్లా ఆయన దానికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. యుద్ధంలో ఆయన చూసిందల్లా తాము వచ్చిన దారి.

మా నాయనమ్మకు ఈ కథలో ఓడే నచ్చలేదు. “అంత డబ్బు పోసి ఓడ చేయించి, దాన్ని తీసుకుపోయి ఒడ్డుకు గుద్దుతారా? తోలేవాడికి కళ్ళు లేవా?” అనేది. “గుద్దడానికేనమ్మా దాన్ని చేసింది” అని ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. “దిగడం ఎవడైనా దిగుతాడు. వెనక్కి రావాలంటే ముందే లంగరు పడాలి” అనేవాడు. నాయనమ్మ మాత్రం తన కొడుకు పనిచేసిన ఓడ మంచిది కాదనీ, మంచి ఓడలన్నీ దొరలు ఉంచేసుకుని ఉంటారనీ నిర్ణయించుకుంది.

ఆ చదువును ఆయన ఊరికే పోనివ్వలేదు. మా ఊరికీ పక్క ఊరికీ మధ్య ఒక వాగు ఉండేది. ఎండాకాలంలో మోకాలిలోతు నీళ్ళు, వాటి కింద రేగడి బురద. చక్రం ఒకసారి కూరుకుందంటే ఎద్దులు కాదు గదా ఏనుగులు లాగినా ముందుకు రాదు. పెద్దనాన్న ఏం చేసేవాడంటే, బండి వాగులో దిగేముందు దాని ఇరుసుకు వెనక నుంచి పొడుగాటి మోకు కట్టి, గట్టు మీది తుమ్మచెట్టు చుట్టూ ఒక చుట్టు తిప్పి, మెల్లగా వదులుతూ పోయేవాడు. బండి దిగబడితే అదే మోకుతో వెనక్కి లాగొచ్చని. ఊళ్ళో కొందరు నవ్వేవాళ్ళు. కానీ రెండు మూడు బళ్ళు అలా బయటపడ్డాక నవ్వేవాళ్ళు కూడా ఆయన్ను పిలవడం మొదలుపెట్టారు. గుంటూరుకు మిరప బస్తాలు పోయే రోజున, బండి మీద సరుకు కట్టడానికి రైతులు ఆయన కోసం మనిషిని పంపేవాళ్ళు. కాశిం వేసిన ముడి జారదు అని ఊళ్ళో ఒక మాట పడిపోయింది. పొలం, పెళ్ళాం, పిల్లలు ఏవీ లేని మనిషికి ఈ లోకంలో ఉన్న ఆస్తి ఆ ఒక్క మాటే.

ఆ ముడి నాకూ నేర్పాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో. ఎంత లాగితే అంత బిగుస్తుంది, చచ్చినా జారదు. కానీ దాని మెడను బొటనవేలితో వెనక్కి వంచితే, చెప్పిన మాట వినే పిల్లలా విడిపోతుంది. “ఇది నీకూ నాకూ తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదే సైదా” అన్నాడు. మా నాన్నకు కూడా తెలియదు. బిగిసిన ముడిని ఆయన పళ్ళతో కొరికి, బూతులు తిట్టి, చివరికి కొడవలి తెచ్చేవాడు. నాకు వచ్చిన మొదటి విద్య అది. దాన్ని నేనేం చేశానో ఇప్పుడు చెబుతాను.

వాగవతల ఊళ్ళో వెంకట్రామయ్యగారని మోతుబరి. ఆ ఏడు మిరప బాగా పండింది, కూతురి పెళ్ళి పెట్టుకున్నాడు. మగపెళ్ళివారి విడిదికి ఎనిమిది పరుపులు, పదహారు దిండ్లు చేసిమ్మని మా నాన్నకు చెప్పాడు. మా ఇంటి చరిత్రలో అంత పెద్ద పని రాలేదు. నెల రోజులు వసారాలో విల్లు ఆగలేదు. నాన్న ఏకాడు, అమ్మ గలేబులు కుట్టింది, పెద్దనాన్న దూది కూరి దబ్బనంతో పొడిచి పొడిచి పరుపుల్ని గట్టిపరిచాడు. నాయనమ్మ మధ్యలో కూర్చుని, ఎవరు ఏ పని తప్పుగా చేస్తున్నారో చెప్పే పని తీసుకుంది. పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం బండి కట్టారు. పడమటి దిక్కున కొండల మీద మబ్బు పట్టి ఉంది. పరుపులు అంతెత్తున పేర్చి, పైన దుప్పట్లు కప్పి కట్టారు. దూదికి నీళ్ళు తగిలితే ఏమవుతుందో మా ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. వాగు గట్టు దాకా ఊరేగింపులా నడిచాం అందరం.

గట్టు మీద పెద్దనాన్న యథాప్రకారం మోకు తీశాడు. ఇరుసుకు ముడి వేసి, రెండు చేతులతో లాగి చూసి, తుమ్మచెట్టు దగ్గరికి నడిచాడు. నాయనమ్మ అది చూసి అదిరిపడింది. మాకు ఒకటే పట్టింపు. బయల్దేరినవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు, ఎక్కడికి అని అడగకూడదు. ఆమెకు దేవుడి విషయంలో కాస్త మరుపుండేది గానీ, శకునాల దగ్గర ఒక్కటి తప్పేది కాదు. పిలుపే పనికిరానప్పుడు, పెళ్ళికి పోయే సరుకును తాడేసి వెనక్కి లాగడమా? మిరప బస్తాలకైతే ఊరుకుంది. ఇది పెళ్ళి. పెద్దకొడుకుతో చెబితే వినడు. నాన్నతో చెబితే అన్నదమ్ములు అక్కడే కొట్టుకుంటారు. అందుకని నన్ను పక్కకు లాగి చెవిలో చెప్పింది.

“ఏమే, మీ పెద్దనాన్న చూడకుండా పోయి ఆ ముడి ఊడదీసిరా. నీకొచ్చుగా.”

నాకొచ్చు. పెద్దనాన్న తర్వాత ఊళ్ళో నాకు తప్ప ఎవరికీ రాని పని చేయమని పెద్దమనిషి అడిగితే కాదనేంత తెలివి నాకు లేదు. పెద్దనాన్న మోకును చెట్టు చుట్టూ తిప్పుతున్నాడు. నేను బండి కిందికి దూరి, ముడి మెడ మీద బొటనవేలు పెట్టి వెనక్కి వంచాను. విడిపోయింది. తాడు కొసను ఇరుసు మీదనుంచి వేలాడేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి నాయనమ్మ పక్కన నిలబడ్డాను. ఆమె నా తల నిమిరింది. ఇంత సులువుగా పెళ్ళి గండం గట్టెక్కించినందుకు నాకు నేనే మురిసిపోయాను.

బండి దిగింది. పెద్దనాన్న తాడు వదులుతున్నాడు గానీ తాడు ఆయన చేతిలోంచి కదలడం లేదు. అది ఆయనకు అర్థమయ్యేసరికి బండి వాగు మధ్యలో ఉంది. “ఒరేయ్ మస్తాన్, ఆపు, ఆపరా” అని అరిచాడు. మా నాన్న బండి మీదనుంచి వెనక్కి తిరగకుండానే, “వెనక నుంచి పిలవొద్దన్నానా” అని ఇంకా గట్టిగా అరిచాడు. ఆ మాట పూర్తయిందో లేదో ఎడమ చక్రం కూరుకుంది. కాసేపు ఎద్దుల్ని కొట్టారు. కాసేపు ఒకర్నొకరు తిట్టుకున్నారు. పెద్దనాన్న మోకు భుజాన వేసుకుని వాగులోకి దూకాడు గానీ, అప్పటికే కొండల మీద కురిసిన వాన ఎర్రగా మలుపు తిరిగి వచ్చేసింది. ఎద్దుల్ని కాడి నుంచి విప్పి ఒడ్డుకు తోలడానికే టైము సరిపోయింది. నీళ్ళు మొదటి వరస పరుపుల్ని తాకాయి. దూది నీళ్ళు తాగడం చూస్తే తెలుస్తుంది దాహమంటే ఏంటో. తాగినకొద్దీ బరువెక్కి బండి ఇంకా కిందికి దిగింది. దిండ్లు మాత్రం కట్లు తెగి, తెల్లగా, హాయిగా, ఒకదాని వెనక ఒకటి వాగులో కొట్టుకుపోయాయి. శత్రువు అనేవాడు లేకుండానే మా సైన్యం మొత్తం ఓడిపోయింది.

సాయంత్రానికి వెంకట్రామయ్యగారు చుట్టుదారిన మా ఇంటికొచ్చాడు. “ఏరా మస్తాన్, పెళ్ళివారిని చాపల మీద పడుకోబెట్టమంటావా? తెల్లారితే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలిరా?” అన్నాడు. మా నాన్న బురద కాళ్ళతో నిలబడి అన్న వైపు వేలు చూపించాడు. “తాడు కడతా, కాపాడతానని ఇంత చేశాడండీ. అడగండి. ఏమైంది అన్నా నీ తాడు? జారదన్నావుగా?” అన్నాడు. వాకిలి నిండా జనం. పెద్దనాన్న ఒళ్ళో మోకు కొస ఉంది. దాన్ని దీపం దగ్గరగా పెట్టి చూశాడు. తెగలేదు. జారిన ముడికి తాడు మీద రాపిడి ఉంటుంది, అదీ లేదు. బొటనవేలితో కొసను ఒకసారి నిమిరాడు. తర్వాత తలెత్తి నా వైపు చూశాడు, నా పక్కనున్న నాయనమ్మ వైపు చూశాడు. నేను నా బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాను.

“నా ముడే జారిందండీ” అన్నాడు. “సరిగ్గా వేయలేదు.”

నాయనమ్మ గడపలో కూర్చుని చెంగు నోట్లో కుక్కుకుంది. నిజం చెప్పడానికి ఆమెకు ఆ క్షణమూ ఉంది, తర్వాత బతికిన ఆరేళ్ళూ ఉన్నాయి. చెప్పలేదు. ఆమెను ఏమీ అనను. నాకు ఇంకా ఎక్కువ టైము దొరికింది, నేనూ చెప్పలేదు. మొదట దెబ్బలు తింటానని భయం. తర్వాత అందరూ మర్చిపోయారు గదా అని. ఆ తర్వాత, ఆయన అడిగితే చెబుదాంలే అని. అడగడని నాకు తెలుసు. పిరికితనానికి ఇన్ని మర్యాదైన పేర్లు ఉంటాయని నాకు ఆ వయసులోనే తెలిసింది.

మర్నాటి నుంచి సరుకు కట్టడానికి కాశింను ఎవరూ పిలవలేదు. మిరప బళ్ళు మా ఇంటి ముందు నుంచే పోయేవి, తోలేవాళ్ళు తలతిప్పుకుని పోయేవాళ్ళు. ఒకరిద్దరు మాత్రం, “ఏం కాశిం, లంగరేస్తావా?” అని పలకరించి పోయేవాళ్ళు. ఆయన ఓడ మాట మళ్ళీ ఎత్తలేదు. మోకును చుట్టి అటక మీద పెట్టేశాడు. ఆ తడిసిన దూదినంతా ఎండబెట్టి, మట్టి దులిపి, ఒక్కడే ఆ ఏడాది పొడుగునా మళ్ళీ ఏకాడు. నాతో మాత్రం ముందులాగే ఉండేవాడు. ఎనామిల్ కప్పులో ఆయన టీలో సగం నాకే పోసేవాడు. అదే నాకు కష్టంగా ఉండేది. కొట్టి ఉంటే బాగుండేది.

నన్ను గుంటూరు ఇచ్చారు. మా ఆయనది బట్టలకొట్టులో గుమాస్తా ఉద్యోగం. పెళ్ళికి పరుపు నేనే కుడతానన్నాడు పెద్దనాన్న. మూడు రోజులు వసారాకు గోనెపట్టా అడ్డం కట్టుకుని, ఎవర్నీ రానివ్వకుండా కుట్టాడు. ముసలితనానికి చాదస్తం తోడైందని మా నాన్న విసుక్కున్నాడు. నేను బయల్దేరిన రోజున బండి వెనక ఏ తాడూ లేదు. ఆయన గోడకు ఆనుకుని, రెండు చేతులూ వెనక పెట్టుకుని నిలబడ్డాడు. పిలవలేదు. చెయ్యి కూడా ఊపలేదు. వాగు దాటాక నేను వెనక్కి తిరిగి చూశాను, అది కూడా చేయకూడదని మా అమ్మ నా తల పట్టుకుని ముందుకు తిప్పింది. రెండేళ్ళకు ఆయన పోయాడని కబురొచ్చింది. నేను నిండు నెలల్లో ఉన్నానని నన్ను పంపలేదు.

దూది పరుపు నాలుగైదేళ్ళకు అణిగిపోతుంది. విప్పి, మళ్ళీ ఏకించి కుట్టించాలి. మా వీధిలోకి విల్లు మోగించుకుంటూ ఒక దూదేకులాయన వచ్చేవాడు. అతన్ని పిలిచి పరుపు విప్పించాను. సగం దూది తీశాక అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. “అమ్మా, లోపల ఏదో ఉంది. తాడు లాగుంది. మీకు గిట్టనివాళ్ళు ఎవరన్నా ఉన్నారా? చేతబడేమో చూపించుకోండి” అన్నాడు. మా అత్తగారు ఇంట్లోంచి చీపురు తెచ్చి, దాన్ని ముట్టుకోకుండా వీధిలోకి నెట్టి తగలబెట్టమంది. ఐదేళ్ళుగా మేము దాని మీద పడుకుంటేనే తను ఇద్దరు మనవల్ని ఎత్తుకున్న సంగతి ఆవిడకు ఆ క్షణంలో గుర్తురాలేదు. నేను చీపురు కిందనుంచి దాన్ని లాక్కున్నాను.

మూరెడు కొబ్బరిపీచు మోకు. పాతది. వాగు బురద పీచులో ఇంకా నల్లగా పట్టుకుని ఉంది. ఒక కొసకు ముడి. నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియని ముడి. వీధిలో కూర్చుని ఏడ్చాను. చేతబడి పనిచేయడం మొదలైందని మా అత్తగారు ఇరుగుపొరుగును పిలిచింది.

ఇప్పుడు మా వాగు మీద వంతెన ఉంది. లారీలు మిరప బస్తాలు వేసుకుని ఒక్క క్షణంలో దాటిపోతాయి, కింద వాగు ఉందో లేదో ఎవరూ చూడరు. చూసినా ఏముంది, తుమ్మపొదలు తప్ప. మా అబ్బాయి ఇంట్లో పరుపులు స్పాంజివి. పదేళ్ళ గ్యారంటీ కార్డు ఇచ్చారు. వాటిని ఎవరూ విప్పరు, పాడైతే పారేస్తారు. లోపల ఏదైనా దాచాలన్నా దారి లేదు.

ఓడ దగ్గర ఆ కుర్ర నావికుడు మమ్మల్ని వెనక్కి తీసుకెళ్ళి చూపించాడు. లంగరు, మర, చుట్టి ఉన్న ఇనపతాడు. అక్కడ జనం లేరు. ఇక్కడ నిలబడేవాళ్ళకు ముందు ఏం జరుగుతుందో కనిపిస్తుందా బాబూ అని అడిగితే, కనిపించదమ్మా అన్నాడు. మా మనవడు అక్కడ ఒక్క ఫోటో కూడా తీయలేదు. దారిలో పెద్దనాన్న గురించీ, పరుపులో దొరికిన తాడు గురించీ వాడికి చెప్పాను. ఇంటికొచ్చాక వాడే, పెద్దతాత తాడు ఇంకా నీ దగ్గరుందా అని అడిగాడు. బీరువాలోంచి తీసి చూపించాను. వాడు అటూ ఇటూ లాగాడు, గోళ్ళతో పీకాడు, చివరికి పళ్ళతో కొరకబోయాడు. అచ్చం మా నాన్నే. “ఎలా విప్పాలో చూపించు నాయనమ్మా” అన్నాడు.

నాకు రాదని చెప్పి, తీసి లోపల పెట్టేశాను.